తాబేలు గుడ్డు కదపకూడదు, కోడిగుడ్డు తిప్పుతూ ఉండాలి... ఈ తేడా ఎందుకు?

సందేహాలరాయుడు

కోడిగుడ్లను ఇంక్యుబేటర్లో పెడితే రోజుకు కొన్నిసార్లు తిప్పాలని అందరికీ తెలుసు. తాబేలు గుడ్ల గురించి ఎక్కడ చదివినా మాత్రం పెట్టిన గుడ్డును పెట్టినట్టే ఉంచండి, తీయక తప్పకపోతే పైభాగం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఆ గుర్తు పైకే ఉండేలా చూడండి అని రాస్తున్నారు. రెండూ గుడ్లే, రెండింట్లోనూ సొన ఉంది, పిండం ఉంది. మరి ఒకదానికి మంచిది ఇంకోదానికి ప్రాణాంతకం ఎలా అయింది? "తిప్పితే పిండం చనిపోతుంది" అన్న ఒక్క ముక్క తప్ప ఎందుకు చనిపోతుందో ఎవరూ చెప్పట్లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, పెద్దగా ఉన్నా చదువుతాను.

నీలిపొలుసు

కోడిగుడ్డు పగలగొట్టినప్పుడు పచ్చసొనకు అటూ ఇటూ మెలితిరిగిన తెల్లటి తాళ్లు కనిపిస్తాయి చూడండి, వాటిని చలాజాలు అంటారు. గుడ్డు ఎటు తిరిగినా సొన లోపల మెల్లగా దొర్లి పిండం ఉన్న వైపు మళ్ళీ పైకి వచ్చేది వాటివల్లే. సరీసృపాల గుడ్లలో అవి లేవు. గుడ్డు బయటపడ్డాక కొన్ని గంటల్లో సొన తనంతట తానే సర్దుకుంటుంది, పిండం పైకి తేలి పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. మొసలి గుడ్డులో అయితే దాదాపు ఒక రోజుకల్లా ఆ అతుక్కున్న చోట పెంకు మీద తెల్లటి మచ్చ కనిపిస్తుంది, అదే తర్వాత పట్టీలాగా గుడ్డు చుట్టూ వ్యాపిస్తుంది. ఆ దశలో తిప్పితే అతుకు చిరుగుతుంది, లేదా పిండం సొన బరువు కింద పడి ఊపిరాడక పోతుంది.

కోడిగుడ్డులో సమస్య సరిగ్గా తలకిందులు. అక్కడ పిండం, దాని పొరలు అతుక్కోకూడని చోట అతుక్కుపోతాయనే తిప్పుతాం. అడవిలో తల్లిపక్షి ముక్కుతో చేసేది కూడా అదే పని.

కప్పలదొర

చిన్న సవరణ. "సరీసృపాల గుడ్లు" అని అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. మొసళ్లు, తాబేళ్ల విషయంలో మీరన్నది నిజం. పాముల గుడ్లు, కొన్ని బల్లుల గుడ్లు తిప్పినా తట్టుకుని మామూలుగా పొదిగిన సందర్భాలు ఉన్నాయి. అలాగని తిప్పి చూడమని కాదు, తట్టుకోవడం వేరు, అవసరం కావడం వేరు.

సందేహాలరాయుడు

నీలిపొలుసు గారూ, అర్థమైంది. కానీ సముద్ర తాబేళ్ల గుడ్లను వాలంటీర్లు గుంటల్లోంచి తీసి హేచరీలకు మారుస్తారు కదా? మరి అవెలా బతుకుతున్నాయి?

నీలిపొలుసు

గుడ్లు పెట్టిన రెండు మూడు గంటల్లోపు తీసేస్తారు కాబట్టి. అంతకంటే ఆలస్యమైతే ప్రమాదం పెరుగుతుంది, మళ్ళీ పొదిగే కాలం సగం దాటాక కొంచెం ఫరవాలేదు.

ఆ మొదటి గంటలు ఎందుకు క్షేమం అన్నది ఇంకా ఆసక్తికరం. తాబేలు కడుపులో గుడ్డు ఉన్నప్పుడే పిండం ఎదగడం మొదలవుతుంది, కానీ గాస్ట్రులా అనే చాలా తొలి దశకు రాగానే ఆగిపోతుంది. అండనాళంలో ఆక్సిజన్ అంతంతమాత్రమే, ఆ కొరతే పిండాన్ని ఆపి ఉంచుతుంది. ఇసుక గుంటలో పడి గాలి తగిలాక కొన్ని గంటలకు మళ్ళీ కదలిక మొదలు. వాన కోసమో, ఒడ్డు ఖాళీ కోసమో తల్లి కొన్నాళ్లు ఆగాల్సి వచ్చినా లోపలి గుడ్లు ముదిరిపోకుండా ఉండేది ఈ ఏర్పాటు వల్లే. గుడ్లను మార్చేటప్పుడు ఆక్సిజన్ తక్కువగా ఉండే సంచుల్లో పెడితే ఆ నిద్ర ఇంకాస్త పొడిగించవచ్చని కూడా ప్రయోగాలు చేసి చూపించారు.

ఆకుపచ్చరాయి

నేను డిగ్రీలో జువాలజీ చదివాను, నాలుగు పొరలు బట్టీ కొట్టాం, ఉల్బం, పరాయువు, ఎలంటాయిస్, సొనసంచి. పరీక్ష అయ్యాక మర్చిపోయాను. ఇప్పుడు ఈ చర్చ చదువుతుంటే అవి ఏం చేస్తాయో మొదటిసారి బుర్రకెక్కుతోంది. పిండం చుట్టూ నీటి సంచి ఉల్బం. ఆహారం సొనసంచిలో. మూత్రం, వ్యర్థాలు ఎలంటాయిస్‌లో. ఆ ఎలంటాయిస్సే పెరిగి పరాయువుతో కలిసి పెంకు లోపలి గోడకు ఆనుకుని రక్తనాళాలతో నిండిపోయి ఊపిరితిత్తి పని చేస్తుంది. అంటే ఒక చెరువును సరిపడా మూటగట్టుకుని నేల మీదికి వచ్చాయన్నమాట. కప్పకు ఈ వీలు లేదు, అందుకే కప్ప ఇంకా నీళ్ల దగ్గరే.

కప్పలదొర

కప్పను కించపరిస్తే ఊరుకోను :) నీళ్లు లేకుండా నేల మీదే గుడ్లు పెట్టి, తోకకప్ప దశే లేకుండా నేరుగా బుల్లి కప్పలను చేసే జాతులు చాలానే ఉన్నాయి.

అయితే ఇంకో మాట. గుడ్డును మూసిన డబ్బా అనుకోకండి. పాముల గుడ్లు, చాలా బల్లుల గుడ్లు, సముద్ర తాబేళ్ల గుడ్లు తోలులాగా మెత్తగా ఉంటాయి, చుట్టుపక్కల తేమను పీల్చుకుని పెట్టినప్పటి కంటే బరువెక్కుతాయి కూడా. పొడిగా ఉంటే సొట్టలు పడతాయి. తేమ బాగా అందిన గుడ్లలోంచి వచ్చే తాబేలు పిల్లలు పొడి గుంటలో పెరిగినవాటి కంటే పెద్దగా ఉండటం ప్రయోగాల్లో కనిపించింది. మొసలి గుడ్డు పెంకు గట్టిది, అయినా మొసలి చుట్టమైన ఎలిగేటర్ గూట్లో కుళ్లే ఆకులూ వాటిలోని సూక్ష్మజీవులూ ఆ పెంకును బయటినుంచి మెల్లగా కొరుకుతాయి, లోపల పిండం తన ఎముకల కోసం అదే పెంకులోని కాల్షియం లాక్కుంటుంది. రెండు వైపులా పలచబడి చివరికి పిల్ల పగలగొట్టగలిగేంత అవుతుంది. శుభ్రంగా కడిగి, ఆకులు లేకుండా పొదిగిస్తే పెంకు మందంగానే ఉండిపోయి పిల్లలు బయటికి రాలేక ఇబ్బంది పడతాయి.

రాత్రిబడి

ఎవరూ వేడి సంగతి ఎత్తలేదేం? ఆడా మగా తేలేది అక్కడే కదా.

నీలిపొలుసు

వస్తున్నా వస్తున్నా. 1966లో మడలీన్ షార్నియే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త అగామా అనే తొండ జాతిలో గుడ్డు ఉన్న వేడిని బట్టి పిల్ల ఆడో మగో అవుతోందని మొదటిసారి రాసింది. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత తాబేళ్లలో, మొసళ్లలో అదే కనిపించేసరికి అందరూ ఉలిక్కిపడ్డారు.

సముద్ర తాబేళ్లలో సుమారు 29 డిగ్రీల దగ్గర సగం సగం, అంతకంటే చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి. అమెరికన్ ఎలిగేటర్‌లో కథ మెలిక తిరుగుతుంది: 30 దగ్గర ఆడవే, 33 దగ్గర దాదాపు అన్నీ మగవే, 35 వైపు వెళ్తే మళ్ళీ ఆడవి ఎక్కువ. న్యూజిలాండ్‌లో బల్లిలా కనిపించే సరీసృపం టువటారాలో తాబేలుకు పూర్తి వ్యతిరేకం, వేడెక్కితే మగవి. పొదిగే కాలమంతా ఈ ప్రభావం ఉండదు, దాదాపు మధ్య మూడో వంతులోనే. ఆ సమయంలో జననగ్రంథి ఇంకా అటూ ఇటూ కాని స్థితిలో ఉంటుంది. తాబేళ్లలో వేడి ఎక్కువైతే ఆరోమటేజ్ అనే ఎంజైము పెరిగి పురుష హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది, గ్రంథి అండాశయం వైపు మొగ్గుతుంది.

రాత్రిబడి

పాముల్లో కూడానా?

కప్పలదొర

పాముల్లో కాదు. వాటికి క్రోమోజోములే నిర్ణయిస్తాయి. చాలా జాతుల్లో పక్షుల్లాగే, జడ్ డబ్ల్యూ ఉంటే ఆడ, జడ్ జడ్ ఉంటే మగ. ఉష్ణోగ్రతతో లింగం మారే పాము ఇంతవరకు తెలియదు.

మధ్యలో ఒక వింత జీవి ఉంది, ఆస్ట్రేలియా గడ్డం డ్రాగన్ అనే బల్లి. దానికి క్రోమోజోములూ ఉన్నాయి, కానీ గుడ్డు 32 డిగ్రీలు దాటిన వేడిలో ఉంటే జడ్ జడ్ ఉన్న మగ పిండం కూడా ఆడదిగా తయారవుతుంది, గుడ్లు పెడుతుంది. ఇది లాబ్‌లో మాత్రమే కాదు, అడవిలోనూ జరుగుతోందని 2015లో చూపించారు. ఆ తల్లి పిల్లలకు డబ్ల్యూ క్రోమోజోము ఎక్కడినుంచీ రాదు, కాబట్టి ఆ పిల్లల ఆడామగా ఇక పూర్తిగా వేడి చేతిలోనే. క్రోమోజోముల పద్ధతి నుంచి వేడి పద్ధతికి ఒక్క తరంలో మారిపోయినట్టే.

మౌనపాఠకుడు

ఈ మాట చదివాక అడగక తప్పట్లేదు. భూమి వేడెక్కుతోంది కదా, అయితే తాబేళ్లన్నీ ఆడవే అయిపోయి కొన్నేళ్లలో అంతరించిపోతాయా? ఎక్కడ చూసినా ఇదే టెన్షన్ పెట్టే వార్తలు.

నీలిపొలుసు

సగం నిజం. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు తీరాల్లో పుట్టిన పచ్చ తాబేళ్ల మీద 2018లో వచ్చిన పరిశోధనలో చిన్నవాటిలో 99 శాతానికి పైగా ఆడవే. పెద్దవాటిలో దాదాపు 87 శాతం. అంటే గత కొన్ని దశాబ్దాల్లో ఆడవాటి వాటా పెరుగుతూ వచ్చిందన్నమాట. అదే రీఫ్ దక్షిణాన కొంచెం చల్లటి తీరాల తాబేళ్లలో ఆడవి 65 నుంచి 69 శాతం మధ్యే.

ఒక మగ తాబేలు చాలా ఆడవాటితో జతకట్టగలదు, పైగా మగవి ఆడవాటికంటే తక్కువ విరామంతో జతకట్టడానికి వస్తాయి. కాబట్టి ఆడవి ఎక్కువ ఉన్నంత మాత్రాన వెంటనే కొంప మునగదు. నన్నడిగితే అంతకంటే భయపడాల్సింది ఇంకోటి ఉంది. ఇసుక ఇంకా కాలితే ఆడా లేదు మగా లేదు, గుడ్డులోనే చచ్చిపోతాయి. దాని గురించి ఎవరూ హెడ్‌లైన్ పెట్టరు.

ఆకుపచ్చరాయి

పిండం తన వేడిని తనే ఎంచుకుంటుందని ఎక్కడో చదివాను, గుడ్డులోపల అటూ ఇటూ జరుగుతుందట. నిజమేనా?

కప్పలదొర

చైనాలో మెత్తటి చిప్ప తాబేలు పిండాలు గుడ్డులో వెచ్చగా ఉన్న వైపుకు జరుగుతున్నాయని 2011లో రాశారు, 2019లో మరో తాబేలు జాతిలో అలా జరగడం వల్ల పిల్ల లింగం మీద కూడా ప్రభావం ఉందన్నారు. వినడానికి బాగుంది, నాకైతే అనుమానమే. నిజమైన గుంటలో ఒక గుడ్డు ఈ చివరికీ ఆ చివరికీ అంత తేడా ఉండదని, లింగం తేలే సమయానికి పిండానికి కదిలే కండరాలే సరిగా ఉండవని ఇతర శాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వేచి చూద్దాం.

నీలిపొలుసు

అభ్యంతరం ఉన్న మాట నిజమే కానీ మరీ కొట్టిపారేయకండి. గుడ్డులోపల పిల్ల ఏమీ పట్టనట్టు పడి ఉండదనడానికి ఇంకా గట్టి సాక్ష్యాలున్నాయి. ఆస్ట్రేలియా మర్రే నది తాబేలు గుడ్లు గుంటలో పైన వెచ్చగా, అడుగున చల్లగా ఉంటాయి. లెక్క ప్రకారం పైవి ముందు, కిందవి కొన్ని రోజులు ఆలస్యంగా రావాలి. కానీ పక్క గుడ్లు ముందున్నాయని ఏదో విధంగా పసిగట్టి వెనకబడినవి వేగం పెంచి అందుకుంటాయి, అన్నీ దాదాపు ఒకేసారి బయటపడతాయి. నైలు మొసలి పిల్లలైతే గుడ్డులోంచే అరుస్తాయి. రికార్డు చేసిన ఆ అరుపులు వినిపిస్తే పక్క గుడ్లు బదులిస్తాయి, తల్లి వచ్చి గూడు తవ్వుతుంది.

పందిముక్కు తాబేలు ఇంకా మొండిది. పిల్ల పూర్తిగా తయారయ్యాక కూడా గుడ్డులోనే ముడుచుకుని వారాల తరబడి ఎదురుచూస్తుంది. వరదొచ్చి గుడ్డు మునిగి ఆక్సిజన్ అందకుండా పోయినప్పుడు ఒక్కసారిగా పగలగొట్టుకుని నీళ్లలోకి వస్తుంది. మిగతా పిండాలను చంపే పరిస్థితే దీనికి గంట కొట్టినట్టు.

సందేహాలరాయుడు

నేను అడిగిన ప్రశ్న ఎక్కడ, మనం వచ్చింది ఎక్కడ, అయినా ఆపకండి. పాముల గురించి కూడా ఒకటి. కాళ్లు లేని శరీరం గుడ్డులో ఎలా తయారవుతుంది? మొదట కాళ్లు వచ్చి పోతాయా, అసలు మొదలే కావా?

కప్పలదొర

జాతిని బట్టి. కొండచిలువ పిండంలో వెనక కాళ్ల మొగ్గలు నిజంగానే వస్తాయి, లోపల కాలి ఎముకలకు తొలి రూపం కూడా మొదలై తర్వాత కరిగిపోతుంది. మిగిలేది పెద్ద పాములో మలద్వారం పక్కన కనిపించే చిన్న గోరులాంటి ముల్లు, మగది జతకట్టేటప్పుడు వాడుతుంది. నాగుపాములాంటి వాటిలో అదీ ఉండదు.

కాళ్లు పెరగాలంటే సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు మొగ్గలో పనిచేస్తూ ఉండాలి. దాన్ని అక్కడ ఆన్ చేసే డీఎన్ఏ ముక్క పాముల్లో దెబ్బతింది. 2016లో ఎలుక పిండంలో ఆ ముక్క తీసేసి పాముది పెడితే ఎలుకకు కాళ్ల స్థానంలో మొండి ముక్కలే వచ్చాయి. పాములో పోయిన 17 అక్షరాలను తిరిగి చేరిస్తే కాళ్లు మళ్ళీ మామూలుగా పెరిగాయి. పదిహేడంటే పదిహేడే!

పొడవు సంగతి వేరే కథ. వెన్నుపూసలు సోమైట్లు అనే ముక్కల నుంచి వస్తాయి, అవి పిండంలో తల నుంచి తోక వైపు ఒకదాని వెనక ఒకటి ఒక గడియారం లెక్కన ఏర్పడతాయి. ఎలుకకు సుమారు 65, మొక్కజొన్న పాముకు 300 దాటి. పాములో ఆ గడియారం శరీరం పెరిగే వేగంతో పోలిస్తే చాలా త్వరగా కొట్టుకుంటుంది, అదే తాడును పొడవు ముక్కలుగా కాకుండా పొట్టి పొట్టి ముక్కలుగా కోసినట్టు.

రాత్రిబడి

తాబేలు చిప్ప కూడా చెప్పేయండి ఇక.

నీలిపొలుసు

క్లుప్తంగా: మనకు పక్కటెముకలు ముందుకు వంగి గుండె చుట్టూ బోను కడతాయి. తాబేలు పిండంలో వీపు అంచున ఒక గట్టు లేస్తుంది, పక్కటెముకలు వంగకుండా దాని వైపు అడ్డంగా పెరిగి పైచిప్ప అవుతాయి, భుజం ఎముక లోపలికి చేరుతుంది. చైనాలో దొరికిన సుమారు 22 కోట్ల ఏళ్ల నాటి ఓడొంటోకెలిస్ అనే తాబేలు శిలాజానికి కింది చిప్ప పూర్తిగా ఉంది, పైచిప్ప ఇంకా సగమే.

మౌనపాఠకుడు

రక్తపింజర పిల్లలను కంటుందని అంటారు, మరి దానికి ఈ గుడ్డు గొడవ లేదా?

కప్పలదొర

ఉంది, గుడ్డు కడుపులోనే ఉండిపోయింది, పెంకు పలచబడి దాదాపు పోయింది. బల్లులు, పాముల్లో పిల్లలను కనడం విడివిడిగా నూరుకు పైగా సార్లు పుట్టిందని లెక్క. చలి ప్రాంతాల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే తల్లి ఎండలో కూర్చుంటే లోపల పిండాలు కూడా వెచ్చబడతాయి, నేలలో గుడ్డుకు ఆ వీలు లేదు. కొన్ని స్కింకులకు (నున్నటి పొలుసుల బల్లులు) మావి కూడా ఉంది, సొన పెద్దగా లేకుండా తల్లి రక్తం నుంచే పోషణ. ఆస్ట్రేలియాలో ఒక మూడువేళ్ల స్కింక్ ఒకే కాన్పులో గుడ్లూ పెట్టింది, పిల్లనూ కన్నది, 2019లో ప్రచురించారు. పరిణామం ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో ఇంతకంటే బాగా చూపించే జంతువు నాకు తెలియదు.

ఆకుపచ్చరాయి

గుడ్డులో ఎక్కువ కాలం, బయట తక్కువ కాలం బతికేవి కూడా ఉన్నాయట కదా?

నీలిపొలుసు

మడగాస్కర్‌లోని లాబోర్డ్ ఊసరవెల్లి. ఏడాది జీవితంలో ఎనిమిది తొమ్మిది నెలలు గుడ్డులోనే. బయటికొచ్చాక నాలుగైదు నెలల్లో పెరిగి, జతకట్టి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఏడాదిలో చాలా నెలలు ఆ జాతి మొత్తం నేలలో గుడ్లుగా మాత్రమే ఉంటుంది. ఇటు టువటారాను చూడండి, గుడ్డు పొదగడానికే 12 నుంచి 15 నెలలు, ఈడేరడానికి పదేళ్లు దాటాలి. ఇన్వర్‌కార్గిల్ మ్యూజియంలోని హెన్రీ అనే టువటారా 2009లో సుమారు 111 ఏళ్ల వయసులో తండ్రయ్యాడు.

రాత్రిబడి

పొదిగి బయటికొచ్చాక ఇక చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి కదా? మొసలి ఎంత ముసలిదైతే అంత పెద్దది అని.

కప్పలదొర

ఇది ఎంత చెప్పినా చావని మాట. చిన్నప్పుడు వేగంగా, ఈడేరాక బాగా మెల్లగా పెరుగుతాయి, చాలావాటిలో దాదాపు ఆగిపోతుంది. ఎలిగేటర్ల ఎముకలు కోసి చూసి పెరుగుదల పూర్తిగా ఆగిపోయిన గుర్తులు ఉన్నాయని 2011లో చూపించారు. పరిమాణం చూసి వయసు చెప్పడం అందుకే దండగ. తాబేలు చిప్ప మీద గీతలు లెక్కపెట్టడం కూడా అంతే, తిండి బాగా దొరికిన ఏడాది రెండు పడొచ్చు, కరువులో ఒక్కటీ పడకపోవచ్చు, ముసలిదాని చిప్ప అరిగి నున్నగా అయిపోతుంది. చనిపోయినవాటి ఎముకలో పెరుగుదల ఆగినప్పుడల్లా పడే వలయాలు అంతకంటే నమ్మదగినవి.

కుబుసం గురించీ ఇదే. పెరిగినప్పుడే విడుస్తుందని కాదు, గాయమైనా విడుస్తుంది. పిల్ల పాములు త్వరగా పెరుగుతాయి కాబట్టి ఎక్కువ సార్లు. పుట్టిన కొద్ది రోజులకే మొదటి కుబుసం, అప్పటిదాకా కడుపులో మిగిలిన సొనే తిండి.

నీలిపొలుసు

పెరగడం ఆగడమే కాదు, తగ్గడం కూడా ఉంది. గాలపాగోస్ దీవుల్లోని సముద్ర ఇగ్వానాలు అనే పెద్ద బల్లులు, సముద్రం వేడెక్కే ఎల్ నినో ఏడాదుల్లో నాచు దొరక్క ఒళ్లు చిక్కడమే కాకుండా పొడవు కూడా తగ్గుతాయి, కొన్ని 20 శాతం దాకా. మృదులాస్థి కుంచించుకుపోతే వచ్చే తేడా కంటే ఇది చాలా ఎక్కువ, అంటే ఎముకే కరుగుతోందని రాశారు, 2000లో వచ్చిన పేపర్ అది. నాచు తిరిగి పెరిగాక మళ్ళీ పొడవవుతాయి. ఎక్కువ తగ్గినవే ఎక్కువ బతికాయట.

రాత్రిబడి

పెద్దయ్యాక పొడవు తగ్గడమా?? దీనికి ఇంకో థ్రెడ్ తెరవాలి.

సందేహాలరాయుడు

తెరవండి, నేనూ వస్తాను. నా ప్రశ్నకు జవాబు మూడో పోస్టుకే దొరికింది, మిగతాదంతా బోనస్. నీలిపొలుసు గారూ, ఒక్కటి మిగిలింది: గుడ్డులోంచి పిల్ల పెంకు పగలగొట్టేది దేంతో?

నీలిపొలుసు

పాములు, బల్లులకు పైదవడ ముందు నిజమైన పన్ను, గుడ్డు పన్ను అంటారు, కొన్ని గెక్కోలకు (ఇంటి బల్లి తరహావి) రెండు. తాబేళ్లు, మొసళ్లు, టువటారాలకు పన్ను కాదు, ముక్కు మీద గట్టిపడిన చర్మపు కొన. రెండూ బయటికొచ్చిన కొన్నాళ్లకు రాలిపోవడమో కరిగిపోవడమో జరుగుతుంది. పాము పిల్ల ఒక గాటు పెట్టి తల బయటపెట్టి, మిగిలిన సొన కడుపులోకి చేరేదాకా ఒకటి రెండు రోజులు అలాగే ఉండిపోతుంది. చూసేవాళ్లు ఇరుక్కుపోయిందనుకుని లాగుతారు, లాగకండి.